తోడికోడళ్ళు: ఒక వంగ నవల, ఒక తెలుగు చిత్రం, కొన్ని దస్తావేజులు

అన్నదమ్ముల భార్యలు ఒకరికొకరు ఏమవుతారు? ఆంగ్లంలో ఈ ప్రశ్నకు సూటియైన సమాధానం లేదు. మన దేశపు ఆంగ్లంలో 'కో-సిస్టర్' అనే ముద్దుపేరు ఒకటి పుట్టించుకున్నారు గాని, దొరలకు అది అర్థం కాదు. తెలుగులో 'తోడికోడలు' అన్న మాట ఉన్నది. ఆ మాటలోని మొదటి సగం స్నేహాన్నీ, రెండవ సగం చాకిరినీ సూచిస్తాయని మా గురువుగారొకరు చమత్కరించేవారు. మా తిరువూరు ఆంధ్ర తెలంగాణల సరిహద్దున ఉన్నది కాబట్టి ఇక్కడ రెండు మాటలూ వినిపిస్తాయి. ఇటు మైలవరం వైపు వెళితే తోడికోడలు, అటు పెనుబల్లి, సత్తుపల్లి దాటితే యారాలు. మాట మారినా వంటింట్లో మంట ఒక్కటే. వంగభాషలో ఈ వరుసకు 'జా' అని ఏకాక్షర పదం.

ఈ వరుసను ఆధారం చేసుకొని 1957 జనవరిలో వచ్చిన చలనచిత్రం 'తోడికోడళ్ళు'. పాతచిత్రాల అభిమానులైన మిత్రులకు దీనిని పరిచయం చేయనక్కరలేదు. 'కారులో షికారు' పాట తెలియని తెలుగువారు అరుదు. అది శ్రీశ్రీ రచన అని పందెం కట్టి ఓడిపోయినవారు మాత్రం అరుదు కాదు. ఆ పాట ఆచార్య ఆత్రేయగారిది. నేనిక్కడ చెప్పదలచినది పాటల సంగతి కాదు. శరత్ బాబు వంగదేశంలో వ్రాసిన ఒక చిన్న నవల కృష్ణాజిల్లా వారి చేతులలో పడి, తెలుగు సంసారంగా మారినప్పుడు ఏది మిగిలింది, ఏది మారింది, ఆ మార్పుల వెనుక ఎవరి ఆస్తి ఎవరి పేరున ఉన్నది అన్నది నా విషయం.

శరచ్చంద్ర చటోపాధ్యాయ (1876-1938) రంగూనులో గుమస్తాగిరి చాలించి స్వదేశానికి వచ్చింది 1916లో. ఆ మరుసటి సంవత్సరం, అంటే 1917లో, 'నిష్కృతి' పుస్తకరూపం దాల్చింది. కథ పెద్దది కాదు. గిరీశుడు పెద్ద ప్లీడరు. సంపాదన అపారం, లోకజ్ఞానం స్వల్పం. ఆయన భార్య సిద్ధేశ్వరి మంచిది, కాని చెప్పుడు మాటలకు లొంగే మనిషి. తమ్ముడు హరీశుడు, అతని భార్య నయనతార. వీరు గాక సొంత తమ్ముడు కాని తమ్ముడు, పినతండ్రి కొడుకు రమేశుడు. ఇతనికి స్థిరమైన సంపాదన లేదు. ఇతని భార్య శైలజ. చిన్ననాడే ఆ ఇంట అడుగుపెట్టి సిద్ధేశ్వరి చేతులలో పెరిగి, క్రమంగా ఆ ఇంటి పెత్తనమంతా తన చేతిలోకి తీసుకున్న పిల్ల. పెద్దకోడలికి ఈమె అంటే ప్రాణం, కొంచెం భయం కూడా. నయనతార ప్రవేశంతో ఆ ప్రాణానికీ భయానికీ మధ్య చీలిక వస్తుంది. రమేశుడు, శైలజ ఇల్లు విడిచి పల్లెకు పోతారు. వ్యవహారం కోర్టుకెక్కుతుంది. చివరకు తగవు తేల్చి వస్తానని పల్లెకు వెళ్ళిన గిరీశుడు, అక్కడి పరిస్థితి కళ్ళారా చూసి, వివాదంలో ఉన్న ఆస్తిని శైలజ పేర వ్రాసి ఇంటికి తిరిగివస్తాడు. ఇంట్లోవారు నిర్ఘాంతపోతారు. కథ ముగుస్తుంది.

ఈ ముగింపులో ఒక చిలిపితనమున్నది. ధర్మాత్ముడు ధర్మం చేశాడని శరత్ చెప్పడు. మతిమరుపు మనిషి, లెక్కలు తెలియని మనిషి, ఒక పిచ్చిపని చేశాడన్నట్టుగా చెప్తాడు. పాఠకుడు నవ్వుతాడు. నవ్విన తరువాత, ఇంతసేపూ ఆ ఇంట్లో తెలివిగలవారందరూ చేసిన పని ఏమిటని తనలో తాను ప్రశ్నించుకుంటాడు. దిలీప్ కుమార్ రాయ్ దీనిని ఆంగ్లంలోకి 'డెలివరెన్స్' అని అనువదించారు. 'నిష్కృతి' అన్న సంస్కృతపదానికి మన భాషలో ప్రాయశ్చిత్తమనీ, విడుదల అనీ రెండు ఛాయలున్నాయి. ఆంగ్లానువాదం రెండవదాన్ని పట్టుకొని మొదటిదాన్ని జారవిడిచిందని నా అభిప్రాయం. గిరీశుడు చేసినది తన ఇంటివారి తరఫున ప్రాయశ్చిత్తం కూడా.

తెలుగునాట శరత్ బాబును అనువాద రచయితగా ఎవరూ చూడలేదు. చక్రపాణిగారి అనువాదాలు, తరువాత విజయవాడ దేశి కవితామండలి వారు వెలువరించిన శరత్ సాహిత్య సంపుటాలు చదివి, ఆయన గోదావరి ఒడ్డునో కృష్ణ ఒడ్డునో పుట్టినవాడని నమ్మినవారున్నారు. మా పాఠశాల గ్రంథాలయంలో ఆ సంపుటాలకు ఉన్నంత అరుగుదల మరే పుస్తకానికీ లేదు. అట్టలు ఊడి, ట్వైను దారంతో కుట్టి, మళ్ళీ ఊడి... ఆడపిల్లలు ఇంటికి తీసుకుపోయి తల్లులకిచ్చేవారు, తల్లులు పక్కింటివారికి. తిరిగి వచ్చేసరికి పుస్తకంలో పసుపు వేళ్ళ గుర్తులుండేవి. అందువల్ల 1953లో 'దేవదాసు' ఘనవిజయం సాధించిన తరువాత మన నిర్మాతలు మరల శరత్ వైపు చూడటంలో ఆశ్చర్యం లేదు. 1961లో 'బడదీది' ఆధారంగా 'బాటసారి', 'దత్త' ఆధారంగా 'వాగ్దానం' వచ్చాయి. ఈ వరుసలో రెండవది, ఏకైక సంపూర్ణ కుటుంబగాథ, 'తోడికోడళ్ళు'.

నిర్మాత దుక్కిపాటి మధుసూదనరావుగారు. కృష్ణాజిల్లా పెయ్యేరు వారి స్వగ్రామం. గుడివాడ ఎక్సెల్సియర్ క్లబ్బు నాటకాలలో అక్కినేని నాగేశ్వరరావుగారి చేత స్త్రీపాత్రలు వేయించి తీర్చిదిద్దిన వ్యక్తి. 1951లో స్థాపించిన అన్నపూర్ణా పిక్చర్స్ వారి తొలిచిత్రం 'దొంగరాముడు' (1955)కు కె.వి. రెడ్డిగారు దర్శకులు. రెండవ చిత్రానికి ఆదుర్తి సుబ్బారావుగారిని తీసుకున్నారు. ఈ జంట తరువాత పదేళ్ళపాటు 'మాంగల్యబలం', 'వెలుగునీడలు', 'ఇద్దరు మిత్రులు', 'చదువుకున్న అమ్మాయిలు', 'డాక్టర్ చక్రవర్తి' అంటూ వరుసగా పంట తీసింది. మాటలు ఆత్రేయగారివి. పాటలలో ఆత్రేయతోపాటు కొసరాజుగారు ఉన్నారు. సంగీతం మాస్టర్ వేణు, బందరువారు. ఇంటిపెద్దగా వేసిన ఎస్.వి. రంగారావుగారు మాకు ఇరుగుపొరుగైన నూజివీడులో జన్మించారు. 1918 జూలైలో పుట్టిన మనిషి, అంటే ఈ చిత్రం విడుదలయ్యేనాటికి నలభై నిండలేదు. ఆ వయస్సులో అందరికీ అన్నగారుగా, పెదనాన్నగారుగా కూర్చుంటే ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన భార్యగా ఏలూరుబిడ్డ కన్నాంబ. నడిమి జంట రేలంగి, సూర్యకాంతం. చిన్నజంట అక్కినేని, సావిత్రి. జగ్గయ్య, రాజసులోచన కూడా ఉన్నారు.

ఇదే కథను ఆదుర్తివారే అదే సంవత్సరం అరవంలో 'ఎంగ వీట్టు మహాలక్ష్మి' పేరుతో తీశారు. ('మా ఇంటి మహాలక్ష్మి' అని 1959లో తెలుగులో వచ్చినది వేరు. హైదరాబాదు సారథీ స్టూడియోలో తయారైన ఆ చిత్రానికీ దీనికీ పొత్తు లేదు.) మూడు భాషలలో మూడు పేర్లు చూడండి. వంగంలో కథకుడి చూపు జరిగిన పని మీద ఉన్నది. అరవంలో ఒక మంచి కోడలి మీద. తెలుగులో ఇద్దరు ముగ్గురు స్త్రీల నడుమ ఉన్న వరుస మీద. మన పేరే గట్టిది అంటాను. స్వభాషాభిమానం అని ఎవరైనా అనవచ్చు, అననీయండి.

ఇక మార్పుల మాట. మూలంలో నయనతార మెత్తని మనిషి. గట్టిగా మాట్లాడదు. ఆప్యాయత ఒలకబోస్తూ, ఒక్కొక్క మాట పెద్దకోడలి చెవిలో విడుస్తూ, శైలజను ఆమెకు దూరం చేస్తుంది. ఆ నేర్పు చదివితే వెన్ను జలదరిస్తుంది. తెలుగులో ఆ పాత్ర అనసూయ అయి సూర్యకాంతంగారి చేతికి వచ్చింది. ఇంకేమున్నది! ఆమె తెరపైకి రాగానే ఏమి జరగబోతున్నదో బాల్కనీ నుండి నేలతరగతి దాకా తెలిసిపోతుంది. సూర్యకాంతంగారి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పేరు ఆడపిల్లలకు పెట్టడం మానేశారన్న నానుడి పుట్టించిన నటీమణి ఆమె. అయితే ఒక నష్టం జరిగింది. శరత్ నవలలో తగవుకు కారణం ఒక దుష్టురాలు కాదు. ఎవరి వాటా ఎంతో ఎవరికీ తెలియని ఒక ఇంటి ఏర్పాటు. అందులో ఎవరున్నా కొంతకాలానికి నయనతారే అవుతారు. తెరపై అది గయ్యాళితనంగా మారేసరికి, గయ్యాళి మారితే ఇల్లు బాగుపడుతుందన్న ఊరట ప్రేక్షకుడికి దొరికింది.

రెండవ మార్పు నాకు నచ్చినది. నిలకడైన సంపాదన లేని రమేశుడు తెలుగులో సత్యం అయ్యాడు. పల్లెకు వెళ్ళి చేను దున్నాడు. కొసరాజుగారి 'ఆడుతు పాడుతు' పాటలో ఆలుమగలు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి గూడ వేస్తారు. గూడ అంటే తెలియని నేటి పిల్లలకు చెప్పాలి: పల్లం నుండి మిట్టకు నీరు తోడడానికి రెండు వైపులా తాళ్ళు కట్టిన బుట్ట. ఇద్దరు మనుషులు ఒకే ఊపున వంగి, ఒకే ఊపున లేవాలి. ఒకరి లయ తప్పితే నీళ్ళు మధ్యలోనే ఒలికిపోతాయి. మా ప్రాంతం కృష్ణా కాలువలకు అందని మెట్ట. వాగులు, చెరువులు, మోటబావులు మాకు దిక్కు. గూడ వేసిన ఇద్దరికి సాయంకాలానికి నడుములు ఎలా ఉంటాయో పాటలో చెప్పలేదు గాని, ఆలుమగల పొత్తుకు అంతకంటే మంచి బొమ్మ నేను తెలుగు తెరపై చూడలేదు. నాగార్జునసాగరుకు పునాదిరాయి పడి అప్పటికి పదమూడు నెలలు. ప్రకాశం బ్యారేజి ఇంకా పూర్తి కాలేదు. చదువుకున్నవాడు పట్నం విడిచి పొలానికి రావడం అన్నది ఆనాడు ఒక ఆశ. 1955లో 'రోజులు మారాయి'లో ఏరువాక సాగించిన కొసరాజు, మాస్టర్ వేణు జంటే ఇక్కడా పనిచేసింది.

ఇంగ్లండులోనూ ఇంచుమించు ఆ తరంలోనే కుటుంబం విచ్ఛిన్నం కావడాన్ని నవలలనుండి తెరకెక్కించారు. వాల్టర్ గ్రీన్‌వుడ్ 1933లో వ్రాసిన 'లవ్ ఆన్ ది డోల్' అన్న నవల సాల్ఫర్డ్ మురికివాడలో ఒక కూలీ కుటుంబం కథ. దానిని చిత్రంగా తీయడానికి 1936లో అక్కడి సెన్సారువారు ఒప్పుకోలేదు. జాన్ బాక్స్‌టర్ దర్శకత్వంలో 1941లో గాని తెరపైకి రాలేదు. అక్కడ ఇంటిని కూల్చినది పని లేకపోవడం. తండ్రికి కూలి లేదు, కొడుక్కి కూలి లేదు, కూతురు తన్ను తాను అమ్ముకోవలసిన స్థితి. అక్కడ తగవు పడటానికి ఆస్తే లేదు. మన కథలో తగవంతా ఉన్న ఆస్తి గురించి. ఆ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మన 'కుటుంబ కథాచిత్రం' అనే మాటలో కుటుంబం కంటే ముందు ఒక పట్టాపుస్తకం నిలిచి ఉంటుందని తోస్తుంది.

ఆ పట్టాపుస్తకం సంగతికే వస్తున్నాను. ఇది కొంచెం శాస్త్రచర్చ. ఓపిక పట్టగలరు.

శరత్ కథ జరిగిన వంగదేశంలో ఉమ్మడి కుటుంబానికి ప్రమాణం జీమూతవాహనుడి దాయభాగం. మనకు ప్రమాణం మితాక్షర. అది యాజ్ఞవల్క్యస్మృతికి, కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్య. తెలుగువారు దీనిని సంస్కృతంలోనే ఉంచుకోలేదు. తిక్కనకు 'దశకుమారచరిత్ర' అంకితమిచ్చిన కేతన, పదమూడవ శతాబ్దంలోనే దీనిని 'విజ్ఞానేశ్వరీయము' పేర తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మనకు వ్యాకరణం వ్రాసిన కవే మనకు వారసత్వ చట్టం కూడా వ్రాశాడు! భాషాప్రవీణ చదివే రోజులలో కేతన అనగానే 'ఆంధ్రభాషాభూషణము' వల్లించేవాళ్ళం. ఈ రెండవ గ్రంథం ప్రశ్నపత్రంలో రాదని పక్కన పెట్టేవాళ్ళం.

ఈ రెండు పద్ధతులకూ భేదం ఒక్కమాటలో చెప్పాలంటే, మితాక్షర ప్రకారం మగపిల్లవాడు పుట్టగానే తాతల ఆస్తిలో వాటాదారు. దాయభాగం ప్రకారం తండ్రి పోయేవరకు కొడుకుకు ఏమీ లేదు. తండ్రి పోయాక అన్నదమ్ములు కలిసి ఉన్నా ఎవరి వాటా వారికి నిర్ణయమై ఉంటుంది. మన పద్ధతిలో విడిపోయేంతవరకు 'ఇది నాది' అని వేలు చూపడానికి వీలులేదు. జననమరణాలను బట్టి వాటా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కుటుంబ యజమాని వ్యవహారకర్త మాత్రమే. ఉమ్మడి భూమిని ఆయన తన ఇష్టానికి దానం చేయజాలడు.

ఇప్పుడు తెలుగు చిత్రాన్ని చూడండి. పెద్దాయన కుటుంబరావు, పేరులోనే కుటుంబం. ఆయనా వకీలే. ఆస్తి మరదలి పేర వ్రాస్తాడు. మద్రాసు హైకోర్టు తీర్పులను అరుగుల మీద కూర్చొని చర్చించే అలవాటున్న మన కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు వెంటనే అడగవలసిన ప్రశ్న: ఆ ఆస్తి పిత్రార్జితమా, స్వార్జితమా? పిత్రార్జితమైతే ఆ దస్తావేజు చెల్లదు. స్వార్జితమైతే చెల్లుతుంది. మరి వకీలు సంపాదన స్వార్జితమేనా? అతన్ని చదివించిన డబ్బు ఉమ్మడిది కదా? ఈ తగవు బ్రిటిషువారి కోర్టులలో దశాబ్దాలపాటు నలిగింది. ఉమ్మడి ఖర్చుతో చదివిన చదువు వలన వచ్చిన ఆర్జన కూడా ఉమ్మడిదే అని అన్నదమ్ములు దావాలు వేసేవారు. చివరకు 1930లో హిందూ విద్యార్జిత ధనచట్టం (ఆంగ్లంలో గెయిన్స్ ఆఫ్ లెర్నింగ్ యాక్ట్ అంటారు) వచ్చి, ఎవరి డబ్బుతో చదివినా చదువు మీద వచ్చిన సంపాదన చదివినవాడిదే అని తేల్చింది. కనుక 1957లో కుటుంబరావుగారి కలం వకీలు సంపాదన మేరకు చెల్లుతుంది. 1917లో, మితాక్షర అమలులో ఉన్న మన జిల్లాలో ఇదే కథ జరిగి ఉంటే, ఆ ఔదార్యం అన్నదమ్ముల దావాలో చిక్కుకొని ఏ పెద్ద కోర్టు దాకానో పోయి ఉండేది. శరత్ దాయభాగపు దేశంలో పుట్టడం ఆయన కథకు కలిసివచ్చింది.

మరొక చిక్కు. సొంత తమ్ముడు కాకపోయినా, పినతండ్రి కొడుకు విడిపోని కుటుంబంలో మితాక్షర ప్రకారం తన తండ్రి శాఖ తరఫున వాటాదారే. అతనికి దయాధర్మం అక్కరలేదు. ఒక నోటీసు ఇస్తే చాలు. మరి మన సత్యం నోటీసు ఎందుకివ్వలేదు? ఇస్తే కథ లేదు. అంతకంటే, ఇస్తే అతను మంచివాడు కాడు. హక్కు అడిగినవాడు చెడ్డవాడు, వదులుకున్నవాడు మంచివాడు అన్న సూత్రం మన కుటుంబ చిత్రాలన్నిటికీ పునాది. శరత్ దగ్గర కూడా ఈ సూత్రం ఉన్నది. అయితే వదులుకునే ఆ మంచివాడికి ఒక వెర్రి అన్నగారు దొరుకుతాడన్న హామీ మాత్రం కథలలోనే ఉంటుంది.

నేను ఈ చిత్రాన్ని మొదటిసారి చూసింది డెబ్బైల నడుమ, రెండవసారో మూడవసారో తిరిగి విడుదలైనప్పుడు, డేరా హాలులో. మా అమ్మ, మా పెద్దమ్మ, అంటే ఇద్దరు తోడికోడళ్ళు, కలిసి వచ్చారు. అప్పటికి మా ఇల్లు విడిపోయి ఏడాదిన్నర. 1973లో వచ్చిన భూసంస్కరణల చట్టం, భూమికి గరిష్ఠ పరిమితి విధించేది, 1975 జనవరి ఒకటి నుండి అమలులోకి వచ్చింది. ఆ రెండేళ్ళలో కృష్ణాజిల్లా గ్రామాలలో ఎన్ని ఉమ్మడి ఇళ్ళు కాగితాల మీద విడిపోయాయో! కొన్ని కాగితాల మీదే విడిపోయి ఒకే పొయ్యి మీద వండుకున్నాయి. మాది నిజంగానే విడిపోయింది. ఆ పారీఖత్తు నకలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. పొలాలు, పశువులు, కొట్టాలు, గడ్డివాములు, మోటబావిలో వంతు రోజులు, ఇత్తడి గంగాళాలు, ఆఖరుకు రోలు, రోకలి కూడా వరుసగా వ్రాశారు. రోలు పెద్దనాన్న వాటాకు, రోకలి మా నాన్న వాటాకు వచ్చాయి. విడివిడిగా వీటితో ఏమి దంచుకోవాలో వ్రాసినవారికే తెలియాలి. ఆ రోలు ముందు ఇరవై ఏళ్ళు నిలబడిన ఇద్దరు స్త్రీల పేర్లు ఆ కాగితంలో ఎక్కడా లేవు. వాటాదారులలో లేవు సరే, సాక్షులలోనూ లేవు.

చిత్రంలో పెద్దాయన ఆస్తిని మరదలి పేర వ్రాసిన సంగతి బయటపడ్డప్పుడు హాలులో ఈలలు, చప్పట్లు. మా పెద్దమ్మ మాత్రం మా అమ్మవైపు వంగి, "మనకెవరు రాశారే" అన్నది. అమ్మ నవ్వింది. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు. సూర్యకాంతాన్ని తిట్టుకుంటూ వచ్చారు.

ఆ ప్రశ్నకు చట్టం ఇచ్చే సమాధానం చరిత్ర పొడుగునా చాలా నెమ్మదిగా మారింది. 1937 చట్టం వితంతువుకు భర్త వాటాలో, బ్రతికినన్నాళ్ళు అనుభవించే హక్కు ఇచ్చింది. అదీ మొదట వ్యవసాయ భూమికి వర్తించలేదు. చిత్రం విడుదలకు ఏడు నెలల ముందు, 1956 జూన్ 17న, హిందూ వారసత్వ చట్టం అమలులోకి వచ్చింది. స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి ఆమెకు సంపూర్ణ హక్కుతో చెందుతుందని దాని పద్నాలుగవ సెక్షను ప్రకటించింది. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమభాగం ఇచ్చింది. కాని మితాక్షర ఉమ్మడి ఆస్తిని మాత్రం మగవారి మధ్యనే ఉంచింది. తండ్రి పోయినప్పుడు ఆయన వాటాలో చిన్న తునక కూతురికి దక్కేది. 'తోడికోడళ్ళు' చిత్రాన్ని ఆ నెలలలోనే వ్రాసి తీశారు. స్త్రీ పేర దస్తావేజు అన్న ముగింపు ఆనాటి పత్రికలు చదివే ప్రేక్షకుడికి కేవలం కథగా తోచి ఉండదు. పార్లమెంటులో సంవత్సరాల తరబడి జరిగిన వాదం ఆ తెల్లకాగితం మీద అతనికి కనబడి ఉంటుంది.

ఆ తరువాతి అడుగు మన రాష్ట్రం వేసింది. అక్కినేనివారికి సమవుజ్జీ అయిన మరో కథానాయకుడు నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1986లో చేసిన సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేటట్టు కూతురిని కూడా పుట్టుకతో వాటాదారును చేసింది. ఆ తేదీకి ముందే పెళ్ళయినవారికి మాత్రం వర్తించదన్నారు. మా ఇంట్లో అక్క ఆ తేదీకి అవతల, చెల్లెలు ఇవతల. ఒకే తల్లి పిల్లలు, ముహూర్తాన్ని బట్టి రెండు చట్టాలు! 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటికీ వర్తించిన సవరణ ఆ షరతును తొలగించింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, ఆ 2005 తేదీనాటికి తండ్రి బ్రతికి ఉండనక్కరలేదని, కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదేనని స్పష్టం చేసింది. విజ్ఞానేశ్వరుడు కొడుకుకిచ్చిన జన్మస్వత్వం కూతురి దాకా రావడానికి తొమ్మిది శతాబ్దాలు పట్టింది.

ఇవన్నీ కూతుళ్ళ గురించి. మరి కోడళ్ళు? అత్తవారి ఉమ్మడి ఆస్తిలో కోడలికి పుట్టుకతో హక్కు ఉండే ప్రసక్తి లేదు, ఆమె అక్కడ పుట్టలేదు కదా. భర్త పోతే వితంతువుగా ఆయన వాటాకు వారసురాలు. లేదా ఎవరైనా ఆమె పేర వ్రాసివ్వాలి. అంటే శైలజకు గాని, సుశీలకు గాని ఈ రోజున కూడా ఆ ఇంట్లో ఆస్తి దక్కే మార్గం గిరీశుడి కలమే. ఈ చిత్రంలో ఇద్దరు ముగ్గురు స్త్రీలు ఒక ఇంటి కోసం ఒకరినొకరు కన్నీళ్ళు పెట్టించుకుంటారు. ఆ ఇల్లు వారిలో ఎవరిదీ కాదు. ఈ సంగతి శరత్‌కు తెలుసు. అందుకే ఆయన నయనతారను పూర్తిగా దుష్టురాలిని చేయలేదనుకుంటాను. తన చేతిలో ఏమీ లేని మనిషి చాడీలు గాక మరేమి ఆయుధం పట్టగలదు?

మా వైపు ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద పొలం ఇచ్చే ఆచారం ఉన్నది. మా అమ్మకు పుట్టింటివారు అలా ఇచ్చినది ఎకరం పాతిక సెంట్లు. పారీఖత్తులోకి ఎక్కకుండా మిగిలిన భూమి అదొక్కటే. తొంభైలలో ఆమె దాన్ని నా చెల్లెలి పేర వ్రాయడానికి బయలుదేరితే, ఒక రిజిస్ట్రారు కార్యాలయంలో గుమస్తా "మగపిల్లలకు అభ్యంతరం లేదు కదా" అని రెండుసార్లు అడిగాడు. అడగవలసిన ప్రశ్న కాదది, పద్నాలుగవ సెక్షను వచ్చి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. అమ్మ నావైపు చూపించి, "వాణ్ణే తీసుకొచ్చాను, సాక్షి సంతకానికి" అన్నది.

'నిష్కృతి' ఆ తరువాత కూడా చాలా దూరం ప్రయాణించింది. 1980లో బాసూ ఛటర్జీ హిందీలో 'అప్నే పరాయే' తీశారు. అమోల్ పాలేకర్, షబనా ఆజ్మీ చిన్నజంట, ఉత్పల్ దత్ పెద్దన్న. అందులో గయ్యాళి గొంతులు తక్కువ, మూలానికి దగ్గరగా ఉంటుంది. రెండూ చూసినవారు ఏది మేలో చెప్పవలసి వస్తే, కథకు హిందీ, మనుషులకు తెలుగు అంటాను. రంగారావుగారి అమాయకత్వంలో ఉన్న బరువు ఉత్పల్ దత్ హాస్యంలో లేదు. కన్నాంబ కళ్ళలో కనబడే తడబాటు, తాను పెంచిన పిల్లనే అనుమానించవలసి వచ్చిన తల్లి తడబాటు, మరెక్కడా చూడలేదు.

దుక్కిపాటివారు ఈ చిత్రం తరువాత వంగసాహిత్యాన్ని వెంటనే వదలలేదు. 'మాంగల్యబలం' ఆశాపూర్ణాదేవి 'అగ్నిపరీక్ష'. 1964 నాటికి తెలుగు రచయిత్రి కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' చేతపట్టి 'డాక్టర్ చక్రవర్తి' తీశారు. 1967లో ఆదుర్తివారితోనే తీసిన 'పూలరంగడు'కు మాత్రం మూలం స్కాట్లండు వైద్యుడు ఏ.జె. క్రోనిన్ వ్రాసిన 'బియాండ్ దిస్ ప్లేస్'. చేయని హత్యకు జైలులో మగ్గుతున్న తండ్రి, నిజం తవ్వితీసే కొడుకు. ఆ నవలనే 1958లో హిందీవారు 'కాలాపానీ'గా, 1959లో బ్రిటనులో జాక్ కార్డిఫ్ అదే పేరుతోనూ తెరకెక్కించారు. ఆ కథ తెలుగునాట జట్కాబండి ఎక్కిన వైనం ఇంతకంటే తమాషా అయినది. దానికి శాస్త్రచర్చ అక్కరలేదు, గుర్రం చాలు. మరొక పర్యాయం ముచ్చటించుకుందాం.